తెర దించిన మరునాడు

విద్యార్థుల నాటకం నిజంగా ముగిసేది ప్రదర్శన మరునాటి ఉదయం. అరువు తెచ్చిన కుర్చీలు, కిరీటాలు ఎవరివి వారికి చేరతాయి. మేకులు ఊడదీస్తారు, తెరలు మడుస్తారు. ఒకే సంభాషణను ఇరవై విధాల పలికి చూసి, పోట్లాడుకుని, రాజీపడి నెలలు గడిపినవారు ఆ పూట ఏమి మాట్లాడాలో తోచక నిలుచుంటారు. చేసిన పనిని గురించి మాట్లాడుకోవలసిన సమయం అదే. సాధారణంగా ఎవరూ మాట్లాడనిదీ అప్పుడే.

1963లో ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల నడుమ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా విద్యార్థులు ధర్మవీర్ భారతి రచించిన 'అంధా యుగ్' నాటకాన్ని ప్రదర్శించారు. దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ. మహాభారత యుద్ధంలో పద్ధెనిమిదవనాటి సాయంకాలం మొదలై శ్రీకృష్ణ నిర్యాణంతో ముగిసే కథ అది. ఆరంభంలో ఇద్దరు కావలిభటులు రాజమందిరంలో అటూ ఇటూ తిరుగుతుంటారు. కాపాడడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండదు. (నాటకం ముగిసిన మరునాడు ఖాళీ వేదిక మీద తచ్చాడే విద్యార్థులకు ఆ భటుల స్థితి బాగానే అర్థమవుతుంది.) 14వ శతాబ్దపు కోటగోడలే ఆ ప్రదర్శనకు రంగాలంకరణ అయినవి.

1962 నుంచి 1977 వరకు ఆ విద్యాలయానికి అధిపతిగా ఉన్న అల్కాజీ విద్యార్థులను నటనకే పరిమితం చేయలేదు. వడ్రంగం, దుస్తులు, దీపాల అమరిక అన్నీ చదువులో భాగాలే. రవీంద్ర భవన్ ఆవరణలో చెట్టునీడన వెలసిన 'మేఘదూత్' ఆరుబయలు రంగస్థలం నిర్మాణంలోనూ విద్యార్థుల శ్రమ ఉన్నది.

అయితే పని పదిమందిదైనా పట్టా ఒక్కొక్కరి పేరనే వస్తుంది. అశ్వత్థామ పాత్రధారిని ప్రేక్షకులు గుర్తుంచుకుంటారు. దీపం ఆర్పవలసిన చేయి నాలుగు క్షణాలు తడబడితే ఆ అశ్వత్థామ ఆక్రోశమంతా నవ్వులపాలయ్యేది. ఆ చేయి ఎవరిదో అడిగేవారు ఉండరు. పైగా చదువు పూర్తికాగానే బృందమే చెదిరిపోతుంది. ఈ ఇబ్బందిని గ్రహించే కాబోలు, 1964లో విద్యాలయం తనకు అనుబంధంగా ఒక వృత్తి నాటక బృందాన్ని నెలకొల్పింది. మొదట అందులో సభ్యులు నలుగురే! తక్కినవారు తమ తోవ తాము వెతుక్కోవలసిందే.

కొందరు వెతుక్కున్నారు కూడా. 1974లో ఆ విద్యాలయంలో పట్టా పొందిన రతన్ థియామ్ ఇంఫాల్‌కు తిరిగివెళ్లి 1976లో కోరస్ రిపర్టరీ థియేటర్‌ను స్థాపించారు; 'అంధా యుగ్'ను మణిపురి భాషలో ప్రదర్శించారు. అక్కడే చదివి, అల్కాజీ తరువాత ఆ విద్యాలయానికే డైరెక్టరైన బి.వి. కారంత్ 1990వ దశకంలో మన సురభి కళాకారులతో కలిసి 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాన్ని రూపొందించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి వారిది కుటుంబ బృందం. తల్లి, కొడుకు, కోడలు అంతా వేదికపైనే. మరునాటి వీడ్కోలు వారికి తెలియదు. రేపు మరో నాటకం, అదే మనుషులు. అలిగినవారు కూడా సాయంత్రానికి రంగు పూసుకోక తప్పదు.

కళాశాల బృందానికి ఆ బంధం లేదు. కనుకనే ఒక్క పూటైనా కూర్చుని లెక్క చూసుకోవడం అవసరం. ఎవరి సూచనతో రెండవ అంకం నిలబడింది? సాధన మధ్యలో మానుకున్నవాడు ఎందుకు మానుకున్నాడు? దర్శకుడు కసిరినప్పుడు తక్కినవారు ఎందుకు ఊరుకున్నారు? ఈ ప్రశ్నలు నొప్పిస్తాయి. అందుకే చాలాచోట్ల ఆ సమావేశం తేనీటితో, అభినందనలతో, ఒక గ్రూపు ఫోటోతో సరిపెట్టబడుతుంది. ఫోటోలో ముందువరుస నటీనటులది. ప్రాంప్టరు తరచు చివరి వరుసలో, సగం ముఖంతో కనిపిస్తాడు.

నాటకం ఎలా తయారైనదో తెలిపే ఆధారం అతని చేతిలోని ప్రతి ఒక్కటే. కొట్టివేతలు, పెన్సిలు గీతలు, ఎవరు ఎక్కడ ఆగాలో, ఏ మాటకు ఏ దీపం వెలగాలో అన్నీ అందులో ఉంటాయి. గ్రంథాలయానికి చేరితే వచ్చే ఏటి విద్యార్థులు దానిని తిరగవేస్తారు. చాలాసార్లు అది అతని పెట్టెలోనే ఊరికి వెళ్లిపోతుంది.