బాతుల వేటగాడికి నేతి అన్నమా?

లాబ్రడార్ అనగానే మనకి గుర్తొచ్చేది సోఫా పక్కన పడుకున్న బొద్దు కుక్క. నిజానికి దాని ఉద్యోగం వేరు. పేరు లాబ్రడారే గానీ దాని పూర్వీకులది పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడ మంచులాంటి నీళ్లలో దూకి, జాలర్ల వలతాళ్లు లాగేవి, గాలం నుంచి జారిన చేపల్ని పట్టుకొచ్చేవి. ఓడలెక్కి ఇంగ్లండ్ చేరాక మామ్స్‌బరీ ప్రభువు వాటిని బాతుల వేటకి పెట్టాడు. నీళ్లలో పడ్డ బాతుని పన్ను దిగకుండా కరుచుకు రావాలి. ఇంట్లో మీ చెప్పు తెచ్చి ఒళ్లో పెడుతుందే, అదీ ఆ పాత అలవాటే! 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని జాతిగా గుర్తించింది.

నీరంటని జిడ్డు బొచ్చు, అదీ రెండు పొరలు. వేళ్ల మధ్య పొర. ఈతలో చుక్కానిలా పనికొచ్చే లావుపాటి తోక. ఇలాంటిదాన్ని మే నెల ఎండలో డాబా మీద కట్టేస్తే ఎలా చెప్పండి?

ఇక తిండి. "ఎంత పెట్టినా ఇంకా అంటుందండీ" అంటారు పెంచేవాళ్లు. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూస్తే, దాదాపు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేదు. దాంతో వాటికి ఆకలి ఎక్కువగా వేస్తుంది. అది జాలిగా చూసిందని నెయ్యి వేసిన అన్నం పెట్టకండి. కొలిచి పెట్టండి. శుభ్రమైన నీళ్లు దొరికితే పొద్దున్నే ఈతకి వదలండి.