బర్రె ఎవరి పేరన? రోగం ఎవరి పాలు?

పాడిలో స్త్రీలు చేసే పనికి లెక్క కట్టాలని రెండేళ్లుగా పెద్దవంగర మండలంలోని ఊళ్లు తిరుగుతున్నాను. వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఒక ఊరిగా ఉన్న పెద్దవంగర 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు మండల కేంద్రమై మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. పత్తి, వరి, నీళ్లు పడీపడని బోర్లు. పంట చేతికి రాని ఏడు ఇల్లు గడిచేది బర్రె పాల మీదే. తెల్లవారుజామున లేచి పెండ తీసేదెవరు, గడ్డి కోసుకొచ్చేదెవరు, కుడితి పెట్టేదెవరు, పాలు పిండేదెవరు, కేంద్రానికి మోసేదెవరు అని గంటలవారీగా రాసుకుంటూ పోతున్న నేను పశువుల క్షయ దగ్గర ఆగిపోయాను. ఇది నా పరిశోధనలో లేని విషయం. మన స్త్రీల సంఘాల చర్చల్లో కూడా నేను ఎన్నడూ వినని విషయం.

ఒక ఊళ్లో (ఊరి పేరు, తన పేరు రాయొద్దని ఆమె కోరింది) ఒకామె సంఘం అప్పు డెబ్బై వేలు పెట్టి బర్రెను కొన్నది. భర్త హైదరాబాదులో బిల్డింగు పనులకు పోతాడు. కొన్న ఏడాదికి బర్రె మేత తింటున్నా చిక్కిపోవడం మొదలైంది. పొద్దున పొద్దున దగ్గేది. ఆ రోజుల్లోనే పశువైద్యం చదువుతున్న ఒక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం కోసం ఆ వాడలోని పశువులకు క్షయ పరీక్ష చేశాడు. మెడ మీద వెంట్రుకలు గొరిగి, చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, మూడు రోజుల తర్వాత వచ్చి వాపు కొలుచుకున్నాడు. ఈమె బర్రెకు వాపు వచ్చింది. అతను మర్యాదస్తుడు, దాచకుండా చెప్పాడు. క్షయ ఉన్నట్టుంది, వేరే కట్టేయండి, పాలు బాగా కాచి తాగండి, ఎవరికీ అమ్మకండి అన్నాడు. పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు.

"నాకెందుకు జెప్పిండక్కా? జెప్పకున్నా బాగుండు" అన్నది ఆమె నాతో. "ఉంచుకుంటె రోగమాయె. అమ్మితె పాపమాయె. కిస్తు కట్టకుంటె సంఘంల పదిమంది ముందట మాటాయె. ఇగ నేనేం జెయ్యాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను కలిసిన పశువైద్యుల్లో ఒకరు, పేరు చెప్పనక్కర్లేదు, నిజాయితీగా ఒక మాటన్నారు. "అందుకే మేడం, మేం పరీక్షే చేయం. చేసి ఏం చెప్పాలి?"

పశువుల క్షయ కొత్త రోగం కాదు. మనుషుల క్షయ సూక్ష్మజీవికి దగ్గరి చుట్టమైన మైకోబాక్టీరియం బోవిస్ దీనికి ప్రధాన కారణం. మన ఉపఖండంలో ఓరిగిస్ అనే మరో రకం కూడా పశువుల్లో దొరుకుతున్నది. గాలి ఆడని కొట్టంలో ఒక పశువు శ్వాస నుంచి ఇంకొక పశువుకు పోతుంది. పొదుగుకు సోకితే పాలలోకి వస్తుంది. పచ్చిపాలు తాగినవాళ్లకు మెడలో గడ్డలుగానో, పేగుల్లో రోగంగానో బయటపడవచ్చు. కొట్టంలో గంటలకొద్దీ గడిపేవాళ్లకు ఊపిరితిత్తులకే రావచ్చు. (పుట్టగానే మన పిల్లలందరికీ వేయించే బిసిజి టీకా ఈ పశువుల క్షయ సూక్ష్మజీవిని బలహీనపరచి చేసిందే. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. ఆ మాట చెబితే సంఘం మీటింగులో ఆడవాళ్లు నమ్మలేదు.)

ఈ దేశంలో ఇది ఎంత ఉంది? అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో కొందరు శాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారం ఆవులు, గేదెల్లో సుమారు 7.3 శాతానికి, అంటే రెండు కోట్లకు పైగా పశువులకు సోకి ఉంటుంది. అమెరికాలో ఉన్న పాడి ఆవులన్నీ కలిపినా అంత సంఖ్య ఉండదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఆవులు ఎద్దులు కలిపి 42 లక్షలు, గేదెలు మరో 42 లక్షలు. అదే 2019లో కేంద్ర ప్రభుత్వం 13,343 కోట్ల రూపాయలతో పశువ్యాధుల నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. అది గాలికుంటుకూ బ్రూసెల్లోసిస్‌కూ పెట్టిన డబ్బు. వాటికి టీకాలున్నాయి. టీకా వేస్తే లెక్క చూపించవచ్చు. క్షయకు అలా చూపించడానికి ఏమీ లేదు కాబట్టి అది జాబితాలోకి రాలేదని నా అభిప్రాయం.

చట్టం మాత్రం ఉంది. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009. దాని షెడ్యూలులో పశువుల క్షయ ఉంది. పశువుకు రోగం ఉందని అనుమానం వస్తే యజమాని గానీ, ఆ పశువు ఎవరి అధీనంలో ఉందో ఆ మనిషి గానీ గ్రామాధికారికో పంచాయతీకో తెలపాలి, మిగతా పశువుల నుంచి దాన్ని వేరు చేసి ఉంచాలి. ఈ వాక్యాన్ని స్త్రీల కళ్లతో చదవండి. బర్రె చెవికి వేసిన ట్యాగుకు ఎదురుగా కంప్యూటర్లో ఉన్నది భర్త పేరు. పాలకేంద్రం పుస్తకంలో భర్త పేరు. బీమా కాగితం మీదా భర్త పేరే. అప్పు ఒక్కటే ఆమె పేరన ఉంది, ఎందుకంటే సంఘంలో ఉన్నది ఆమె. ఇప్పుడు రోగం తెలపాల్సిన బాధ్యత దగ్గరికి వచ్చేసరికి చట్టానికి ఆమె కూడా కనబడింది, 'అధీనంలో ఉన్న మనిషి'గా. రైతు అని పిలవడానికి కనబడని మనిషి జవాబుదారీ కావడానికి కనబడింది.

వేరే కట్టేయమంటే ఎక్కడ కట్టేయాలి? ఆ ఇంటికి ఉన్నది ఒకటే కొట్టం, దాని గోడ అవతలే వంటిల్లు. బర్రెను వాకిట్లో వేపచెట్టు కింద కట్టేస్తే రెండో రోజుకే వాడంతా అడుగుతుంది. మూడో రోజు పాలకేంద్రంలో ఆమె పాలు ఎవరూ పోయించుకోరు. రోగం ఉన్న మనిషిని చూసినట్టే రోగం ఉన్న బర్రె గలామెను చూస్తారు. మందులతో నయం చేయవచ్చు కదా అని నేను అమాయకంగా అడిగాను. నెలల తరబడి మనుషుల మందులే వాడాలట. ఖర్చు సరే, ఆ మందులు పాలలోకి వస్తాయి, మధ్యలో మానేస్తే మందులకు లొంగని క్షయ తయారవుతుంది. అందుకే పశువులకు ఆ వైద్యం సిఫారసు చేయరు.

ఇతర దేశాలు ఈ రోగాన్ని అదుపు చేసిన పద్ధతి ఒకటే. పరీక్ష చేయడం, సోకిన పశువును చంపడం, యజమానికి పరిహారం ఇవ్వడం. బ్రిటన్ 1950లో ప్రాంతాలవారీగా నిర్బంధ పరీక్షలు మొదలుపెట్టి 1960కి దేశమంతా పూర్తిచేసింది. అయినా రోగం పోలేదు. 1971లో గ్లాస్టర్‌షైర్‌లో చచ్చిపడిన ఒక బ్యాడ్జర్‌లో ఇదే క్షయ దొరికింది. బ్యాడ్జర్ బొరియల్లో ఉండే అడవి జంతువు. అప్పటి నుంచి అక్కడి రైతులకూ జంతుప్రేమికులకూ పడదు. మందను ఎన్నిసార్లు శుభ్రం చేసుకున్నా అడవి నుంచి రోగం మళ్లీ వస్తున్నదని రైతుల గోడు. 2013 నుంచి ఇంగ్లండులో రెండు లక్షలకు పైగా బ్యాడ్జర్లను చంపారు. చంపడం వల్ల ఎంత మేలు జరిగిందన్న వాదన తెగలేదు. ఆ రైతుల విసుగు నాకు అర్థమవుతుంది. కానీ పరిహారం అందుకుని, మళ్లీ పశువును కొనుక్కుని, మళ్లీ నష్టపోయిన రైతు విసుగు అది. మన దగ్గర ఆ మొదటి మెట్టే లేదు.

మన దగ్గర ఆవును చంపరాదని 1977 నాటి చట్టం చెబుతోంది. గేదె విషయంలో పశువు పనికిరాదని అధికారి ధృవపత్రం ఇస్తే చంపవచ్చు. చంపడమే మార్గమని నేను వాదించడం లేదు, ఒక్క బర్రె ఉన్న ఇంటికి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. నేను చెప్పేది ఇదీ: బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపితే కోడికి ఇంత అని పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. క్షయ సోకిన బర్రెకు లేదు. బీమా ఉంటే చచ్చిన బర్రెకు డబ్బొస్తుంది, బతికి దగ్గుతున్న బర్రెకు రాదు. చంపడానికీ లేదు, నయం చేయడానికీ లేదు, పరిహారమూ లేదు. అలాంటప్పుడు రోగం దాచిపెట్టడం అజ్ఞానం ఎలా అవుతుంది? ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క తెలివైన పని అది.

ఆమె ఆ బర్రెను అమ్మేసింది. మూడు వారాల తర్వాత, అంగడిలో, సగం కంటే తక్కువ ధరకు. నాకు ముందే తెలుసు. నేను వద్దనలేదు. కొన్నది కూడా ఎక్కడో ఒక ఊళ్లో పాలు పిండుకునే మరో స్త్రీయే అయి ఉంటుంది. ఆ విద్యార్థి పుస్తకంలో ఆ బర్రె ఒక అంకె. నా పుస్తకంలో ఆమె ఒక అంకె. అతని మీద కోపం చూపించే హక్కు నాకు లేదు.

ఆ ఇంట్లో ఇంకొక సంగతి ఉంది. అంతకు ముందు ఏడాది ఆమె కోడలికి మెడలో గడ్డలు లేచి, క్షయ అని తేలి, ఆరు నెలలు మందులు మింగింది. పెళ్లయిన రెండేళ్లకే ఈ రోగం తెచ్చిందని పుట్టింటి మీద మాటలు పడ్డాయి. అది బర్రె నుంచే వచ్చిందని నేను చెప్పడం లేదు, చెప్పలేను. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 940 నమూనాలను పరీక్షించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో బోవిస్ ఒక్కటీ దొరకలేదు, ఓరిగిస్ ఏడింటిలో దొరికింది. మనుషుల్లో క్షయ అత్యధికంగా మనుషుల నుంచే వస్తున్నదన్నది వాస్తవం. పశువుల వైపు నుంచి వచ్చేది తక్కువే కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సంవత్సరానికి వేసిన అంచనా ప్రపంచమంతటా 1,40,000 కొత్త కేసులు. కానీ మన ఆసుపత్రుల్లో గళ్లను పరీక్షించే సీబీనాట్ యంత్రం క్షయ ఉందా లేదా చెబుతుంది, ఏ రకమో చెప్పదు. బోవిస్ అయితే ఆరు నెలల కోర్సులో మొదటి రెండు నెలలు ఇచ్చే పైరజినమైడ్ పనిచేయదు. ఆ కోడలిని బరువు అడిగారు, ఆధార్ అడిగారు, బ్యాంకు ఖాతా అడిగారు. ఇంట్లో పశువులున్నాయా, పాలు పిండేదెవరు అని ఒక్కరూ అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకు డబ్బు ఖర్చు కాదు. 2018 నుంచి పోషకాహారానికి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో పాలు తాగమని సలహా కూడా ఇస్తారు.

'పాలు కాచి తాగండి' అన్న ప్రచారం గురించి కూడా ఒక మాట. కాచిన పాలలో ఈ సూక్ష్మజీవి బతకదు, అది నిజం, చెప్పాల్సిందే. మన ఇళ్లలో పాలు కాచుకోవడం ఎలాగూ ఉంది. గుమ్మపాలు పిల్లలకు బలమని తాగించడం మానిపించాలి. కానీ ఈ ప్రచారంతో పని అయిపోయిందనుకుంటే, వినియోగదారుడిని కాపాడి పాలు పిండే మనిషిని కొట్టంలో వదిలేసినట్టే. డొక్కకు తల ఆనించి పొద్దూ మాపూ పాలు పిండే ఆమె పీల్చే గాలిని ఎవరు కాస్తారు?

అడవి సంగతి వస్తే నాకు ఇంకో భయం ఉంది. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలున్నాయి. వాటి అంచుల్లో పశువులు అడవి జంతువులు తాగే నీళ్లే తాగుతాయి. నేపాల్‌లోని చిత్వాన్‌లో 2015లో చనిపోయిన ఒక ఖడ్గమృగంలో ఓరిగిస్ దొరికింది. రేపు మన అడవిలో ఒక దుప్పిలో దొరికితే, ఇంగ్లండులో బ్యాడ్జర్ మీద పడిన నింద ఇక్కడ ఎవరి మీద పడుతుంది? అడవిలోకి పశువులు తోలుకుపోయే తండా స్త్రీల మీద, కోయ స్త్రీల మీద. మేపు హక్కును కోయడానికి ఒక శాస్త్రీయ కారణం దొరుకుతుంది. ఆ రోజు వచ్చాక మేలుకుని లాభం లేదు.

అందుకే నేను సంఘాల్లో ఈ మాట అంటున్నాను. పరిశోధన కోసమైనా సరే, పరీక్ష చేసేవాళ్లు ముందే చెప్పాలి: వాపు వస్తే ఆ పశువును ఎవరు కొంటారు, ఎంతకు, డబ్బు ఎవరి చేతికి. ఆ ఏర్పాటు లేని పరీక్షకు మన బర్రెలను కట్టేయొద్దు. పరిహారం పాలు పిండే మనిషి పేరన రావాలి, ఆమె సంఘం అప్పు కిస్తులు ఆగాలి. చెవి ట్యాగు ఆమె పేరన ఉండాలి. ఇది సాధ్యం కాదనేవాళ్లు ములుకనూరు వెళ్లి చూడొచ్చు. అక్కడి స్త్రీల పాల సహకార సంఘం 2000 నుంచి నడుస్తున్నది, సభ్యత్వం స్త్రీలకే. పేరు మార్చడానికి చట్టం అడ్డం రాదు. పాలకుర్తి ఇక్కడికి దగ్గరే. తను దున్నించిన పొలంలో ధాన్యం తనదేనని చాకలి ఐలమ్మ నిలబడిన నేల ఇది. బర్రె దగ్గరికి వచ్చేసరికి మనకెందుకో ఆ ప్రశ్న తట్టలేదు. పాడి అప్పులు ఇప్పించి స్త్రీలను కొట్టాల్లోకి పంపినవాళ్లలో మన సంస్థలూ ఉన్నాయి. ఆ కొట్టానికి ఒక కిటికీ ఉందో లేదో మనం చూడలేదు.

పోయిన నెల మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పాత అప్పు ఇంకా తీరలేదు, పైన కొత్త అప్పు తీసుకున్నది, బర్రెను కొనడానికి అంగడికి పోవాలని చూస్తున్నది. ఈసారి పరీక్ష చేయించి కొందామనుకుంటున్నానని చెప్పింది. ఎక్కడ చేస్తారో కనుక్కుని చెప్పమని నన్ను అడిగింది. నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. కొనబోయే బర్రెకు క్షయ పరీక్ష చేస్తామని ఎవరూ అనలేదు. పైఆదివారం అంగడి.