పుండు లోతు చూసి కట్టు కట్టాలి



మంచము పట్టిన పెద్దవారిని చూసుకొంటున్న ఇండ్లవారి కొరకు ఈ నెల వ్రాస్తున్నాను. మా సంఘములో ఒక తల్లికి పక్షవాతము వచ్చి ఏడు నెలలైంది. నడుము క్రింద, వెన్నెముక కొస దగ్గర పడకపుండు పడింది. ఆసుపత్రిలో దీనినే బెడ్‌సోర్ అంటారు. పరామర్శకు వెళ్ళినప్పుడు కోడలు అడిగింది, "అయ్యగారూ, కట్టు కట్టాలా, వదిలేయాలా?" అని. "గాలి తగలనివ్వమ్మా, ఆరితే అదే మానుతుంది" అన్నాను. ప్రార్థన చేసి వచ్చేశాను. మన ఇండ్లలో పాస్టరు తెలియక చెప్పిన మాటను కూడా వాక్యములాగే పట్టుకొంటారు. ఆ భయము నాకు అప్పుడు కలుగలేదు.

పదిహేను రోజులకు పుండు అంచులు ఎండి గట్టిపడ్డాయి, నడిమి భాగము లోపలికి దిగి వాసన వేసింది. కొడుకు భయపడి దూది గట్టిగా కూరి, పైన ప్లాస్టరు అంటించాడు. నర్సమ్మ వచ్చి ఆ దూది లాగుతుంటే ఆ తల్లి పెట్టిన కేక నేను వసారాలో కూర్చుండి విన్నాను. ఆ తరువాత ఈ సంగతి చదవక తప్పలేదు.

1962లో ఇంగ్లండులో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మము మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని పాలిథీను పొరతో కప్పాడు, కొన్నింటిని గాలికి వదిలాడు. కప్పిన వాటిమీద క్రొత్త చర్మము దాదాపు రెండింతలు త్వరగా ఎక్కింది. ఎండి పక్కు కట్టిన చోట క్రొత్త చర్మము ఆ పక్కు క్రింద దారి వెదుక్కోవలసి వచ్చింది. నేను చెప్పిన "గాలి వైద్యము" ఆనాడే తప్పిపోయిందన్నమాట.

అయితే పడకపుండు పైపై గాయము కాదు. ఎముకకూ పడకకూ మధ్య మాంసము నలిగి, రక్తము అందక చనిపోతుంది. పైకి రూపాయి బిళ్ళంత కనబడినా లోపల గుంట పెద్దదిగా ఉండవచ్చు, చర్మము క్రింద ప్రక్కలకు పోయి ఉండవచ్చు. పైన మాత్రమే మూస్తే ఆ ఖాళీలో రసి నిలిచి క్రిములు పెరుగుతాయి. గట్టిగా కూరితే మరల ఒత్తిడే. అసలు ఒత్తిడివలననే కదా పుండు పడింది! కట్టు గుంట గోడలన్నిటినీ తాకాలి, దేనినీ నొక్కకూడదు.

ప్రయోగశాలలలో దీనినే పరీక్షిస్తారు. ఐరోపాలో కట్టు గుడ్డలకు ఇ.ఎన్. 13726 అనే ప్రమాణము ఉంది. దానిలోని ఒక పరీక్షలో గుడ్డ ముక్కను యంత్రముతో 20 శాతము సాగదీసి, ఎంత బలము పట్టిందో, వదిలితే ఎంత సాగి మిగిలిందో కొలుస్తారు. తక్కువ బలానికి సాగేది ఒంటి వంపులకు ఒదుగుతుంది. అయితే గుడ్డ ముక్క చదునుగా ఉంటుంది, పుండు గుంటగా ఉంటుంది, రోగి దాని మీదనే పడుకొంటాడు. అందుకని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయములో ఆచార్య అమిత్ గెఫెన్ బృందము నడుము క్రింది పుండువంటి కృత్రిమ పుండును తయారుచేసి, అందులో ద్రవము ఊరేటట్లు అమర్చి, రసి పీల్చి జెల్లీవలె మారే కట్లను పరీక్షించింది. ఎంత పీల్చిందో చూచుటే గాక, వాడిన కట్టును లాగితే తెగుతుందా అని కూడా చూచారు. ముక్క లోపల మిగిలితే అది మరో కీడు. (పాత యొప్పే పట్టణము ఇప్పుడు ఆ టెల్ అవీవ్ నగరములోనే ఉంది. విధవరాండ్రకు బట్టలు కుట్టిన దొర్కా ఊరు!)

అంత ఖరీదైన కట్లు మన పల్లెకు ఎక్కడివి? నర్సమ్మ సెలైనుతో కడిగి, అదే సెలైనులో తడిపి పిండిన ఒకే పొడవాటి గాజుగుడ్డను ఉండ చేయక, విప్పి, మూలల వరకు వదులుగా పరచింది. కొస బయటికి ఉంచింది, తీయడానికి. దూది వద్దన్నది; పోగులు అంటుకొని మిగిలిపోతాయి. పసుపు, బూడిద వేయవద్దన్నది. పిరుదుల క్రింద పెట్టిన గాలి ట్యూబును కూడా తీయించింది. అది చుట్టూ నొక్కి మధ్యకు రక్తము రానివ్వదట. జ్వరము వచ్చినా, మాంసము నల్లబడినా, ఎముక కనబడినా ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని రమ్మన్నది.

కట్టు ఎంత మంచిదైనా రోగిని కదపకపోతే లాభము లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1944 నుండి, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్న సైనికులను రాత్రింబగళ్ళు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పించేవాడు. మన చామనచాయ ఒంటిమీద ఎరుపు సరిగా కనబడదు. చేయి పెట్టి చూడండి. వేడిగానో గట్టిగానో తగిలితే అక్కడ పుండు మొదలౌతున్నట్లే.

ఆ కోడలికి నా తప్పు ఒప్పుకొన్నాను. "మీరు మా మంచికే చెప్పారు అయ్యగారూ" అన్నది గానీ, ఇప్పుడు ఏది చెప్పినా నర్సమ్మను అడిగి చేస్తున్నది. నాకు సంతోషమే. రాత్రి ఒంటిగంట వంతు మన యౌవనస్థులు ఇద్దరు తీసుకొన్నారు, ఆమెకు కాస్త నిద్ర ఉండాలని. వారానికొకసారి నర్సమ్మ పుండు లోతు కొలుస్తుంటే, కోడలు క్యాలెండరు మీద వ్రాసి పెడుతున్నది. మొదట బొటనవ్రేలంత ఉండెను, గత ఆదివారము దానిలో సగము. ఆ ఇంటివారి కొరకు ప్రార్థించండి.