నొక్కింది నిజమే... మరి గెంతదేం?

సెలవు రోజు మధ్యాహ్నం. కంప్యూటర్ ముందు అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. తెర మీద బొమ్మ గోతి అంచున ఆగిపోయింది.

'గెంతరా!' అంటాడు అన్న.

'నొక్కాను.'

'ఎక్కడ నొక్కావ్? బొమ్మ కదిలితేగా!'

'ఒట్టు అన్నయ్యా, నొక్కాను!'

గొడవ ముదురుతుంది. వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది. పేపరు పక్కన పెట్టి నాన్న వస్తారు. కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, 'పాడైపోయిందిరా, ఇక కొనేది లేదు' అని తీర్పు చెప్పేస్తారు. వేలు పోసి కొన్న వస్తువు అటకెక్కుతుంది. తమ్ముడు అబద్ధాలకోరు అయిపోతాడు.

చాలా ఇళ్లలో అసలు సంగతి వేరు. తమ్ముడు నొక్కాడు. కంట్రోలర్ కూడా బాగానే ఉంది. మధ్యలో ఉన్న దుబాసీయే నిద్రపోయింది.

దుబాసీ ఎందుకంటే, కంట్రోలర్ మాట్లాడే భాష ఒకటి, ఆటకు అర్థమయ్యేది మరొకటి. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దాని కంట్రోలర్ కోసం ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి తెచ్చింది. ఆ తర్వాత చాలా కంప్యూటర్ ఆటలు ఆ కంట్రోలర్‌నే దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. 2013లో ప్లేస్టేషన్ 4తో వచ్చిన సోనీ డ్యూయల్‌షాక్ 4 తీరు వేరు. తన స్టిక్ ఎక్కడుందో 0 నుంచి 255 వరకు అంకెల్లో చెబుతుంది. ఎక్స్‌ఇన్‌పుట్‌లో అదే లెక్క మైనస్ 32,768 నుంచి 32,767 దాకా పోతుంది. సోనీ కంట్రోలర్‌ని నేరుగా గుర్తుపట్టే ఆటలు ఇప్పుడు ఉన్నాయి. గుర్తుపట్టనివాటికి మాత్రం మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. డీఎస్4విండోస్ అలాంటిదే, ఉచితం. ఇది విజెమ్‌బస్ అనే డ్రైవర్ సాయంతో కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని సృష్టిస్తుంది. చేతిలో సోనీ బటన్ నొక్కితే, అక్కడ ఆ ఉత్తుత్తి బటన్ నొక్కుకుంటుంది. పాపం ఆట, అదే నిజమనుకుంటుంది. (ఈ పేరుతో నకిలీ సైట్లూ ఉన్నాయి. వెతకగానే మొదట కనిపించిందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంకేదో వచ్చి కూర్చోవచ్చు.)

ఈ సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే మొదటి పేజీని చాలామంది చూడరు. కనిష్ఠం చేసి ఆటలోకి వెళ్లిపోతారు. తగాదా తీర్చే సాక్ష్యమంతా ఉండేది అక్కడే. ఒక్కో కంట్రోలర్‌కి ఒక్కో వరస. అది వైరుతో తగిలిందా, బ్లూటూత్‌తోనా అన్నది ఒక గుర్తు. బ్యాటరీ ఎంత శాతం ఉందో ఒక అంకె, ఛార్జి అవుతుంటే పక్కన ప్లస్. ఏ ప్రొఫైల్ నడుస్తోందో దాని పేరు. చివర ఒక రంగు.

అసలు వరసే లేదనుకోండి. ముందుగా పేజీ అడుగున ఉన్న బటన్ చూడాలి. దాని మీద 'స్టార్ట్' అని ఉంటే సాఫ్ట్‌వేర్ ఆగి ఉన్నట్లు. ఆ మాట చూసి 'స్టార్ట్ అయిందిగా' అనుకునేవారికి కొదవ లేదు! అది కాకపోతే వైరు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లు ఉంటాయి. కరెంటు మోస్తాయి, సమాచారం మోయవు. కంట్రోలర్ మీద లైటు వెలుగుతుంది కాబట్టి తగిలిందనే అనిపిస్తుంది. కొత్త కంట్రోలర్ కొనేముందు ఒక మంచి కేబుల్ మార్చి చూస్తే పోయేదేమీ లేదు.

వరస ఉన్నా బొమ్మ దానంతట అదే ఒక పక్కకు జారుతుంటే ప్రొఫైల్ తెరిచి, కంట్రోలర్ రీడింగ్స్ అన్న చోటుకు వెళ్లాలి. చెయ్యి తీసేసి, స్టిక్‌ని ముట్టుకోకుండా అంకెలు చూడాలి. 128 దగ్గర నిలవాలి. ఏ 140 దగ్గరో ఆగితే స్టిక్ లోపల అరుగుదల మొదలైనట్లే. డెడ్ జోన్ కొంచెం పెంచితే ఆ చిన్న కదలికను సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు, కంట్రోలర్ మరికొంత కాలం నడుస్తుంది. ఈ జారుడు జబ్బు ఒక్క సోనీదే కాదు. తమ జాయ్‌కాన్ కంట్రోలర్ల విషయంలో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా 2020లో క్షమాపణే చెప్పాల్సి వచ్చింది.

ఇక అన్నిటికంటే పెద్ద తిరకాసు ఒకటుంది. అంతా బాగుందని కనిపించినా ఆట తిక్కగా ఉంటుంది. మెనూలో ఒక్కసారి కిందికి నొక్కితే రెండు మెట్లు దిగుతుంది. విండోస్‌లో రన్ తెరిచి joy.cpl అని... అంటే జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని కొడితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో 'వైర్‌లెస్ కంట్రోలర్' అని ఒకటి, 'ఎక్స్‌బాక్స్ 360 ఫర్ విండోస్' అని ఇంకొకటి. రెండింటి పక్కనా 'ఓకే' అనే ఉంటుంది! మొదటిది చేతిలోది, రెండోది ఉత్తుత్తిది. ఆట రెండింటి మాటా వింటోంది కాబట్టే ఒక నొక్కు రెండవుతోంది. విండోస్ దృష్టిలో ఓకే అంటే 'ఈ వస్తువు నాకు కనబడుతోంది' అనే తప్ప 'ఆట సరిగ్గా ఆడుతుంది' అని కాదు. ఇలాంటప్పుడు హిడ్‌హైడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో అసలు కంట్రోలర్‌ని ఆట కంటపడకుండా దాచాలి. డీఎస్4విండోస్‌కి మాత్రం కనబడేలా అనుమతివ్వాలి. ఆ అనుమతి మర్చిపోతే మొదటి పేజీలో వరసే మాయమవుతుంది.

ఇదంతా ఆటల గోలే కదా అనిపించవచ్చు. కానీ కుడిచెయ్యి సరిగా పనిచేయని పిల్లవాడి సంగతి ఆలోచించాలి. చాలా ఆటల్లో గెంతడం, కొట్టడం కుడి బొటనవేలి పనులు. చూపు తిప్పడం కుడి స్టిక్ పని. మ్యాపింగ్‌తో గెంతడాన్ని ఎడమ వైపు ఎల్1కి తేవచ్చు. డ్యూయల్‌షాక్ 4ని అటూ ఇటూ వంచితే చూపు తిరిగేలా పెట్టవచ్చు. ఇలాంటి అవసరాల కోసమే మైక్రోసాఫ్ట్ 2018లో రెండు పెద్ద బటన్లతో, అదనపు స్విచ్‌లు తగిలించుకోవడానికి 19 సాకెట్లతో అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. అది అందుబాటులో లేని ఇంట్లో, ఉన్న కంట్రోలర్‌నే మలిచే ప్రొఫైల్ ఆ పిల్లవాడికి సొంత చెయ్యి లాంటిది.

ఆ ప్రొఫైల్‌ని అక్క తన ఆట కోసం మార్చి, తిరిగి పెట్టడం మర్చిపోతే? మిగతావాళ్లకు అది అర నిమిషం చిరాకు. వాడికి మాత్రం ఎంత నొక్కినా ఏదీ కదలదు. తన చేతిదే తప్పనుకుంటాడు. ఏళ్ల తరబడి వింటున్న మాట అదే కనుక, సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాలని వాడికి తోచదు. అందుకే ఆ ఇంట్లో బ్యాటరీ అంకె కంటే ముందు చూడాల్సింది ప్రొఫైల్ పేరు. 'ప్రొఫైల్ 1', 'డిఫాల్ట్' అంటే ఎవరికి తెలుస్తుంది? వాడి పేరే పెట్టాలి. అదే వరసలో లింక్ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే ఆ కంట్రోలర్‌కి ఆ ప్రొఫైల్ ముడిపడిపోతుంది. ఎప్పుడు తగిలించినా అదే వస్తుంది. ఇంట్లో రెండు కంట్రోలర్లు ఉంటే ఒకటి వాడికే వదిలేయడం మేలు.

వరస చివర ఉన్న రంగు అలంకారం కోసం కాదు. డ్యూయల్‌షాక్ 4 ముందు భాగంలో వెలిగే లైటు రంగది. ప్లేస్టేషన్‌లో మొదటి ఆటగాడికి నీలం, రెండోవాడికి ఎరుపు. ఇక్కడ ఒక్కో ప్రొఫైల్‌కి నచ్చిన రంగు ఇచ్చుకోవచ్చు. వాడి ప్రొఫైల్‌కి పసుపు పెడితే, ఆట మొదలెట్టే ముందు కంట్రోలర్ వైపు ఒక్కసారి చూసుకుంటే చాలు. పసుపు లేదంటే, 'అక్కా, మళ్లీ మార్చేశావ్' అని వాడే అరుస్తాడు.