మన యాడి మాట భాష కాదా?

ప్రొద్దుటూరు బస్టాండులో మన తండా పిల్లోడు ఫోన్ ఎత్తుతాడు. అవతల కన్నతల్లి. ఆమె గోర్ బోలిలో మాట్లాడుతుంటే, వీడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తెలుగులో జవాబు చెబుతాడు. చదువుకునే రోజుల్లో నేనూ అట్లే చేశాను. ఆ సిగ్గు మనకు ఎవరు అంటించారు?

మనది భాష కాదంట, లిపి లేదంట. ఇంగ్లీషుకు సొంత లిపి ఉందా? రాసేది రోమన్ లిపిలోనే కదా. హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ ఒకే నాగరిలో రాస్తారు. వాటినెవరూ భాష కాదనరే!

వ్యాకరణం లేదంటారా? తెలుగులో 'నా ఇల్లు', 'నా తల్లి' అంటే 'నా' మారదు. మనకు ఇల్లు 'మారో ఘర్', తల్లి 'మారీ యాడి'. పిల్లోడు ఛోరా, పిల్ల ఛోరి. గుర్రం ఘోడో, ఆడగుర్రం ఘోడి. చివరి అచ్చుతో లింగం మారుతుంది, ముందున్న మాటా దాన్నిబట్టి మారుతుంది. జమ్మలమడుగు, పులివెందుల వైపు తండాల్లో ఐదేళ్ల బిడ్డ ఈ సూత్రం ఏ బడిలోనూ నేర్చుకోలేదు, అయినా తప్పు పలకదు. కొత్త వస్తువు వచ్చినా మన అవ్వలు తడుముకోలేదు. తెలుగువాళ్లు 'ఫోన్ చెయ్' అన్నట్టే 'ఫోన్ కర్' అన్నారు.

2011 జనగణనలో లంబాడీ మాతృభాషగా చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కంతా హిందీ కింద కలిపేశారు. హిందీ ముక్క రాని మన అవ్వ కూడా హిందీ ఖాతాలోకే పోయింది! అదే జనగణనలో లింబూ మాట్లాడేవాళ్లు 40 వేల పైచిలుకు. సిక్కింలో అది రాష్ట్ర గుర్తింపు ఉన్న భాష, బడిలో పాఠం. తేడా భాషలో లేదు, అడగడంలో ఉంది.

తల్లిభాషలో ప్రాథమిక చదువుకు రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యలో బంజారా వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. కాబట్టి కుదరదనే మాట చెల్లదు.

అయ్యవార్లూ, ఒకటో తరగతి బిడ్డ 'పాణి' అంటే తప్పు అనకండి. పలక మీద పాణి రాసి, పక్కన నీళ్లు రాయండి. బిడ్డకు రెండు మాటలు వస్తాయి, ఒకటి పోదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అవ్వ దగ్గర కూర్చొని ఆమె మాటలు నోటుబుక్కులో ఎక్కించండి. జనగణన వాళ్లు అడిగితే మాతృభాష తెలుగని చెప్పొద్దు, లంబాడీ అని రాయించండి. బస్టాండులో ఫోన్ మోగితే, నలుగురికీ వినపడేట్టు 'యాడీ' అని పలకండి.