ధర్మశాలకు నాలుగు దినములు

వేసవి వచ్చినదనిన న్యాయస్థానములకు సెలవులు, పాఠశాలలకు సెలవులు. బెజవాడ యెండలకు తాళలేక, చేతిలో నాలుగు రూకలున్న ప్రతి గృహస్థుడును హిమవంతుని దలంచుచున్నాడు. ఇది మెచ్చదగినదే. కాని మొన్న మా న్యాయవాదుల సంఘపు గదిలో మిత్రుడొకడు తన యాత్రాక్రమమును చదివి వినిపింపగా మాకు నవ్వును విచారమును ఒక్కసారియే కలిగినవి. ఎనిమిది దినములలో అమృతసరము, డల్హౌసీ, ధర్మశాల, మనాలి, సిమ్లా! ఇందు ధర్మశాలకు వచ్చిన వంతు ఒక్క పూట. ఆ పూటలో ఒక జలపాతము, ఒక ఆలయము, ఒక అంగడి వీథి, చేతి ఫోనులో నూరు ఛాయాపటములు. వాయిదా కోరుటకు వచ్చిన వకీలు సయితము న్యాయస్థానములో నింతకంటె నిలుకడగా నిలుచును.

మిత్రుని నిందించుట మా యుద్దేశము కాదు. సంచార సంస్థలు అచ్చువేసి పంచిపెట్టు పట్టికలన్నియు నిట్లే యున్నవి. మేము చెప్పదలచినది ఒక్కటే. కొద్ది దినముల యాత్రకు కొద్ది చోట్లే తగును. హిమాలయములలో నొక్క యూరు మాత్రమే చూడగల తెలుగువాడు ధర్మశాలనే చూడవలెను. ఏలయన, అక్కడ మన ఇల్లడ యొకటి కలదు.

ఇల్లడ యనగా, కాపాడుమని నమ్మి యొకరిచేత నుంచిన సొమ్ము. పుచ్చుకొన్నవాడు దానిని తన సొమ్మువలె కాపాడి మరల నొప్పగింపవలెనని మన ధర్మశాస్త్రములును, నేటి చట్టమును ఏకకంఠముగ ఘోషించుచున్నవి. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువునకు వ్రాసెనని ప్రసిద్ధిగల సుహృల్లేఖకు సంస్కృత మూలము నేడు దొరకదు. అది టిబెటు, చీనా భాషల యనువాదములలో బ్రదికియున్నది. నలందా విహారము నశించిన పిమ్మట మన పండితుల గ్రంథములెన్నియో ఆ మంచుదేశపు మఠములలో భద్రముగ నిలిచినవి. లాసా నగరము చెంత 1416లో వెలసిన డ్రెపుంగ్ మహావిహారము పేరునకు వరికుప్ప యని యర్థము. అది మన ధాన్యకటకము పేరే. వారు తమ భాషలోనికి మార్చుకొనిరి. కాలచక్ర తంత్రమును బుద్ధ భగవానుడు ధాన్యకటక స్తూపము కడనే యుపదేశించెనని వారి సంప్రదాయము. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష నొసంగినపుడు, కృష్ణాతీరమున ఆ యాత్రికులను జూచి, వీరింతదూర మేల వచ్చిరని ఆశ్చర్యపడినవారు మనలో లేకపోలేదు. వారు పుట్టింటికి వచ్చిరి. ఆ సంగతి వారికి దెలియును, మనకు దెలియదు.

ఇది వారు మనకు కాపాడిన సొమ్ము. ఇక మనము వారికి కాపాడుచున్నది యేది? 1959 మార్చిలో దలైలామా లాసా విడిచి, ఆ నెల 31న భారతభూమిపై నడుగిడెను. మొదట ముస్సోరీలో నుండి, 1960లో ధర్మశాల యెగువనున్న మెక్లియోడ్‌గంజ్‌కు జేరెను. ఆ యూరు అప్పటికి పాడుపడియుండెను. 1905 ఏప్రిలు 4 నాటి కాంగ్డా భూకంపమున ఆ ప్రాంతమున సుమారు 20,000 మంది మరణించిరి. ఆంగ్లేయుల ఆ విడిదిపట్టణము మరల తలయెత్తలేదు. అట్టి చోటికి కట్టుగుడ్డలతో వచ్చినవారు 1960లో అనాథ శిశువులకు బాలగ్రామమును, 1961లో తమ వైద్యవిద్యకు సంస్థను, 1970లో గ్రంథాలయమును నెలకొల్పుకొనిరి. 1960 సెప్టెంబరు 2న వారి ప్రజాప్రతినిధులు ప్రమాణము చేసిరి. 2011లో దలైలామా రాజ్యాధికారమును తనంతట విడిచి, ఎన్నికైన నాయకునకు అప్పగించెను. దేశము లేని జాతికి శాసనసభ కలదు. దేశములు గల జాతులు కొన్నింటికి అది లేదు. ఈ వింతను ఒక్క పూటలో నెట్లు చూడగలము?

కావున యాత్రాక్రమమును ఇట్లు మార్చుకొనవలసినదని మా మనవి. వేసవికంటె దసరా మేలు. మే, జూను నెలలలో ఆ యిరుకు వీథులలో మనుష్యులకంటె మోటారుబండ్లు మెండు. జూలై, ఆగస్టులలో ఆ కొండలమీద కుంభవృష్టి. 2021 జూలైలో భాగ్సూనాగ్ వద్ద వాగు పొంగి బండ్లను కొట్టుకొనిపోయినది. వానలు వెనుదిరిగిన పిమ్మట ఆకాశము తేటపడి, ధౌలాధార్ శిఖరములు కన్నుల యెదుట నిలుచును. రైలుమీద ఢిల్లీకి, అక్కడనుండి పఠాన్‌కోటకు జేరినచో, మిగిలినది రమారమి 90 కిలోమీటర్ల కొండదారి. కాంగ్డా లోయలో 1929 నాటి సన్నదారి రైలు ముచ్చటైనదే. కాని 2022 ఆగస్టు వరదలో చక్కీ నదిమీది రైలువంతెన కూలినది గాన, బండి యెంతవరకు నడచుచున్నదో విచారించియే దానిని నమ్ముకొనవలెను.

మొదటి దినము విశ్రాంతి. ఆరువేల యడుగులకు మించిన యెత్తున గుండెకును కాళ్లకును కొంత వ్యవధి యీయవలెను. సాయంకాలము ప్రధానాలయము చుట్టునుగల బాటను ఆ వృద్ధులతోగూడ నడువవలెను. మన గుడిలోవలెనే కుడివైపుగ ప్రదక్షిణము. మంత్రచక్రములను త్రిప్పుటయు నటులే. రెండవ దినము గాంగ్చెన్ క్యిషోంగ్: గ్రంథాలయము, సచివాలయము, ప్రతినిధుల సభ అన్నియు నొక్క ఆవరణలో నున్నవి. నాగార్జునుని దేశమునుండి వచ్చితిమని అక్కడ చెప్పి చూడుడు. మూడవ దినము సిద్ధపురమున 1988లో నారంభమైన నోర్బులింకా శిల్పశాలలో, పటములు వ్రాయు యువకుల వ్రేళ్లను గమనింపవలెను. నాలుగవ దినము దేవదారు వనములోని పాత క్రైస్తవాలయమునకు నడచిపోవలెను. 1863లో ఇచ్చట మరణించిన రాజప్రతినిధి ఎల్గిన్ ప్రభువు సమాధి యక్కడ నున్నది. సామ్రాజ్యమునకు మిగిలినది సమాధి. నిరాశ్రయులకు మిగిలినది పాఠశాల. ఈ రెంటిని ఒకే కొండమీద చూచి వచ్చుట యే విద్యకును తీసిపోదు.

అతిథులను జూచి ఆతిథేయులను మరువరాదు. ఆ కొండలు గొర్రెల మందలను దోలుకొను గద్దీలవి, కాంగ్డా రైతులవి. తమ నీటిలో, తమ కట్టెపుల్లలలో పాలిచ్చినవారు వారే. మనము విడుదులలో నీరు వ్యర్థపుచ్చినను, కొండవాలున చెత్త విసరినను, రాత్రులు పాటలపెట్టెలు మ్రోగించినను ఆ యిరువురికిని ద్రోహము చేసినవారమగుదుము. భిక్షువుల పటము తీయుటకు ముందు అనుమతి వేడవలెను. ఆవకాయ సీసా వెంట గొనిపోవుట తప్పుగాదు. కాని ఒక్కపూటయైన వారి వీథిలో వారి తుక్పా త్రాగవలెను.

తొందర యేమని కొందరడుగవచ్చును. తొందర కలదు. 2008 తరువాత సరిహద్దు దాటి వచ్చువారి సంఖ్య మిక్కిలి తగ్గినది. ఇక్కడ పెరిగిన యువకులలో ననేకులు పశ్చిమ దేశములకు దరలిపోవుచున్నారు. అక్కడ, టిబెటులో, సుమారు పదిలక్షలమంది బిడ్డలు ప్రభుత్వపు వసతి పాఠశాలలలో నింటికిని మాతృభాషకును దూరమగుచున్నారని 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణులు ఆందోళన దెలిపిరి. 2025 జూలై 6న దలైలామాకు తొంబదియేండ్లు నిండినవి. తన పీఠము తన యనంతరము కొనసాగుననియు, వారసుని గుర్తించు నధికారము తన ధర్మసంస్థకే కలదనియు ఆయన దానికి నాలుగు దినములు ముందు ప్రకటింపగా, తమ యామోదము లేనిదే చెల్లదని చీనా ప్రభుత్వము పలికినది. రానున్న వివాదమున సాక్ష్యము చెప్పవలసినవారిలో భారత ప్రజలొకరు. చూడనివాని సాక్ష్యము ఏ న్యాయస్థానమునను నిలువదు.

నలుగురు యాత్రికులు పోయి వచ్చినంతమాత్రమున టిబెటు విముక్తమగునని మేము భ్రమపడుటలేదు. కాని ఇల్లడ నుంచుకొన్న యింటివాడు అప్పుడప్పుడు పెట్టె తెరచి, సొమ్ము చెదలు పట్టలేదుగదా యని చూచుకొనుట కనీస ధర్మము. ఆ పెట్టెలో సగము మన సొమ్మే యైనప్పుడు ఆ ధర్మము రెట్టింపగును.

మా మిత్రుడు మా మాటలన్నియు విని, కొంతసేపు వాదించి, తుదకు కలము దీసి తన పట్టికలో నాలుగూళ్ల పేర్లు కొట్టివేసెను. మిగిలినది ఒక్కటి. దసరాకు ప్రయాణము. పాఠకులలో నెవరి జేబులోనైన నట్టి పట్టిక యున్నచో, వారును ఒకసారి కలము చేతబట్టవలెనని కోరుచున్నాము.