ఆరోగ్యం ఒక అమానత్

గోదావరిఖని, రామగుండం ప్రాంతాలకు ఉచిత వైద్య శిబిరాలు కొత్త కావు. పరిశ్రమల యాజమాన్యాలు, స్వచ్ఛంద సంఘాలు, మన మస్జిద్ కమిటీలు, యువజన బృందాలు సందర్భం వచ్చినప్పుడల్లా వాటిని నిర్వహిస్తూనే ఉన్నాయి. బీపీ చూస్తారు, షుగరు పరీక్ష చేస్తారు, కొద్ది రోజులకు సరిపడా మాత్రలు చేతిలో పెడతారు. ఇది పుణ్యకార్యమే. చేసినవారికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక! అయితే మాదొక ప్రశ్న. ఆ మాత్రలు అయిపోయిన తర్వాత ఆ మనిషి సంగతి ఎవరు చూస్తున్నారు?

జ్వరం వస్తే, చెయ్యి విరిగితే ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రికి పోతాం. బీపీ, షుగరు అలాంటివి కావు. అవి చాలాకాలం నొప్పి పెట్టవు. రక్తపోటు పైన 140, కింద 90 దాటినా మనిషి ఏళ్ల తరబడి మామూలుగానే తిరుగుతాడు. 30 నుంచి 79 ఏళ్ల వయసు వారిలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందనీ, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించింది. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. తెలిసినవారిలోనూ ఎందరో “ఇప్పుడు బాగానే ఉన్నాను కదా” అంటూ మాత్ర మానేస్తారు. ఒకనాడు పక్షవాతమో, గుండెపోటో వచ్చి మంచాన పడేస్తుంది. లేదా మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టరు చెబుతాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ రోడ్డున పడుతుంది.

బొగ్గుబాయిలో పనిచేసే వారికి ఈ విషయంలో ఒక రక్షణ ఉంది. గనుల చట్టాలు కార్మికునికి ఉద్యోగంలో చేరేటప్పుడు, ఆ తర్వాత నిర్ణీత గడువుల్లో వైద్య పరీక్షను తప్పనిసరి చేశాయి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, చూపు, వినికిడి పరీక్షిస్తారు. బొగ్గు ధూళి వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్‌ను చట్టమే వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఊపిరితిత్తుల్లో పేరుకున్న ఆ ధూళిని తిరిగి బయటికి తీసే మందు లేదు. బాయి పని మానిన ఏళ్లకు కూడా ఆ జబ్బు బయటపడవచ్చు. కాని మస్టర్ పడినంత కాలమే పరీక్షకు పిలుపు వస్తుంది. దిగిపోయిన మనిషికి వైద్య పథకం కార్డు ఉండవచ్చు. ఫలానా రోజు వచ్చి చూపించుకొమ్మని కబురు పంపేవారుండరు. ఆయాసాన్ని ముసలితనం ఖాతాలో వేసుకుని అరుగు మీద కూర్చుంటాడు.

మరొక మాట చెప్పక తప్పదు. మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అని తేల్చిన కార్మికుని కుటుంబంలో ఒకరికి సింగరేణిలో కారుణ్య నియామకం లభిస్తుంది. కష్టంలో ఉన్న ఇంటికి అది గొప్ప ఆసరా. అయితే కొడుకు నౌకరీ కోసం తన జబ్బు ముదరాలని కోరుకునే తండ్రులు కూడా ఉన్నారు. చదివిన పిల్లలకు వేరే దారి కనిపించని చోట ఆ తండ్రి ఆవేదన మాకు అర్థమవుతుంది. కాని శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. దేహానికి కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. వైద్యం చేయించుకొమ్మని కూడా ఆదేశించారు. కొడుకు భవిష్యత్తు కోసమైనా సరే, మందు మానేసి జబ్బును పెంచుకోవడం ఈ బోధనకు విరుద్ధం.

ఇక మన ఇళ్లలోని స్త్రీల సంగతి. వారి పేరు ఏ మస్టర్‌లోనూ ఉండదు. మస్జిదులో జుమా తర్వాత పెట్టే శిబిరానికి చాలామంది రారు. అందరూ తిన్నాక మిగిలింది తిని, అందరి మందులు గుర్తుంచుకుని, తమ కళ్లు తిరిగితే మాత్రం “ఎండ దెబ్బ” అనుకుంటారు. ఆటో నడిపేవారు, బండి మీద పండ్లు అమ్మేవారు, కూలీ పనికి పోయేవారు కూడా ఇంతే. ఒకరోజు ఆసుపత్రికి పోతే ఆ రోజు సంపాదన పోతుంది.

ఇక్కడ ఒక చరిత్ర ఘట్టాన్ని గుర్తు చేయదలచాము. హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) జరిగిన ఖందక్ యుద్ధంలో సాద్ బిన్ మువాజ్ (రజి) చేతికి బాణం తగిలి తీవ్రంగా గాయపడ్డారు. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు. దగ్గరగా ఉంటే తరచూ వెళ్లి పరామర్శించవచ్చన్నదే కారణమని హదీసు తెలుపుతోంది. క్షతగాత్రులకు సేవలందించిన రుఫైదా (రజి) అనే మహిళ పేరు కూడా ఈ సందర్భంలోనే చరిత్రకెక్కింది. రోగిని ఒకసారి చూసి వదిలేయకుండా మళ్లీ మళ్లీ చూడటానికే ఆ గుడారం వెలిసింది. ఈ పనిలో మస్జిదుకున్న శక్తి మరే సంస్థకూ లేదు. అదే వాడ మనుషులు వారం వారం అక్కడికే వస్తారు. ఒకరు రాకపోతే పక్కవాడికి తెలుస్తుంది.

హైదరాబాదులోని ఎన్.ఎస్.కుంటలో మస్జిదె ఇస్‌హాఖ్ 2018లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ సహకారంతో తన ఆవరణలోనే ఆరోగ్య కేంద్రాన్ని నడిపింది. మన ప్రాంతంలో అంత పెద్ద ఏర్పాటు సాధ్యం కాకపోవచ్చు. ఒక బీపీ మిషను, ఒక షుగరు మిషను, ఒక నోటు పుస్తకం, ఓపిక గల ఇద్దరు యువకులు చాలు. నెలకొక శుక్రవారం జుమా తర్వాత కూర్చోవాలి. ఫస్ట్ షిఫ్టువారు మధ్యాహ్నం మూడింటి దాకా బాయిలోనే ఉంటారు గనుక, అదే రోజు ఇషా తర్వాత మరో గంట కేటాయించాలి. స్త్రీల కోసం మదర్సాలోనో, ఒకరి ఇంట్లోనో వేరుగా ఒక పూట పెట్టి ఆశా కార్యకర్తలను, నర్సు చదివిన మన ఆడపిల్లలను పిలవాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. తీసుకువెళ్లే మనిషే కరువు. గత నెల వచ్చి ఈ నెల రానివారి ఇంటికి వెళ్లి పలకరించడం అసలైన పని. పుస్తకంలో రాసిన వివరాలు కూడా అమానతే, బయట పొక్కరాదు.

ఇమాం సాహెబులకు ఒక విన్నపం. రంజాన్‌కు నెల ముందే, షాబాన్‌లోనే, షుగరు ఉన్నవారు డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలని ఖుత్బాలో చెప్పండి. రోగులకు ఖురాన్ ఇచ్చిన మినహాయింపును వాడుకోవడం విశ్వాస లోపం కాదని వివరించండి. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు కనుక అంబర్, గుట్కా నోట్లో వేసుకునే అలవాటు గురించి కూడా మాట్లాడండి. నోటి క్యాన్సరుకు అదే దారి.

ఫ్లెక్సీలు, సన్మానాలు లేని సేవ ఇది. ఫోటోకు పనికిరాదు, పత్రికలో రాదు. అయినా ఒక తండ్రి పక్షవాతం బారిన పడకుండా ఆగితే, ఒక తల్లి చూపు నిలిస్తే, దాని లెక్క అల్లాహ్ దగ్గర ఉంటుంది. మన మస్జిద్ కమిటీలు వచ్చే జుమా నాడే ఆ నోటు పుస్తకం తెరవాలని కోరుతున్నాము. ఆరోగ్యం ఉండగానే దాని విలువ గుర్తించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.